పాపీ విత్తనాల కాంబో ప్యాక్: నల్గొండ మిద్దెతోటలో ఏది పూసింది, ఏది ముంచింది

ఆన్‌లైన్‌లో 199 రూపాయలకు దొరికే మూడు రకాల పాపీ (గసగసాల కుటుంబం పూల మొక్క) విత్తనాల కాంబో ప్యాక్ గురించి ఇది. డెలివరీ ఖర్చు వేరే. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే ఫోటో, అదే వివరణ పెట్టి రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, వాళ్లలో ఒక్కరిని పట్టుకుని అని లాభం లేదు. ముందే చెప్పేస్తున్నా: లోపల ఉన్న మూడు పొట్లాల్లో కాలిఫోర్నియా పాపీ బంగారం, షర్లీ పాపీ కొంచెం ఓపిక పడితే చాలా బాగుంటుంది, ఐస్‌లాండ్ పాపీ మన నల్గొండ, పాలమూరు దిక్కు దండగ. విత్తనం తప్పు తక్కువే. ప్యాకెట్ వెనక రాసిన సూచనలే ఘోరం, వాటిని నమ్మి అట్లనే చేస్తే మూడు రకాలూ మట్టిలోనే పోతాయి.

ముందు అందరూ అడిగే ప్రశ్న. కుండీలు చూసి మా పక్కింటి అక్క అడిగిన మొదటి మాట, "ఇవి గసగసాల చెట్లే కదా, పోలీసోళ్లు పట్టుకోరా?" అని. ఈ భయం అనవసరం అనను, తెలుసుకుని కొనడం మంచిదే. మనం మసాలాలో వేసే గసగసాలు వచ్చే మొక్క, నల్లమందు తీసే మొక్క ఒకటే, పాపావర్ సోమ్నిఫెరమ్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం దాన్ని లైసెన్స్ లేకుండా పెంచడం నేరం, ఒక్క కుండీలో అయినా సరే, పూల కోసం పెంచుకున్నామన్నా సరే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో మాత్రమే రైతులకు లైసెన్స్ ఇస్తారు, ఆ వ్యవహారం అంతా గ్వాలియర్‌లో ఉన్న సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ చూసుకుంటుంది. ఈ కాంబోలో ఉన్న మూడూ వేరే జాతులు. షర్లీ అంటే పాపావర్ రోయాస్, యూరప్ పొలాల్లో గోధుమ మధ్యన కలుపుగా మొలిచే ఎర్ర పువ్వు. కాలిఫోర్నియా పాపీ అసలు పాపావర్ ప్రజాతే కాదు, దాని పేరు ఎష్‌షోల్జియా. ఐస్‌లాండ్ పాపీ పాపావర్ న్యూడికాలే. ఇవి అలంకారం కోసం పెంచుకునేవి.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. అదే సైట్లలో "పియోనీ పాపీ", "బ్రెడ్‌సీడ్ పాపీ" అని ముద్దబంతి అంత రేకుల పువ్వు ఫోటోతో అమ్మేవి ఉన్నాయి. అవి సోమ్నిఫెరమ్. పువ్వు ఎంత ముద్దుగా ఉన్నా వాటి జోలికి పోకండి. వంటింటి డబ్బాలోంచి గుప్పెడు గసగసాలు తీసి చల్లి చూద్దాం అనే ఆలోచన కూడా వద్దు. ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం లేకుండా ఉత్త "పాపీ మిక్స్డ్ కలర్స్" అని మాత్రమే ఉంటే కొనకండి. ఈ కాంబోలో ఆ పేర్లు పొట్లాల మీద ఉన్నాయి, అందుకు మార్కులు వేస్తాను.

ఇక లేబుల్ సంగతి. పత్తి విత్తనం కొనేటప్పుడు మన జిల్లాల వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. సంచి తిప్పి లాట్ నంబర్ చూస్తాం, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు చూస్తాం, రసీదు, ఖాళీ ప్యాకెట్ పంట చేతికొచ్చేదాకా దాచుకుంటాం. నకిలీ పత్తి విత్తనాలతో దెబ్బతిన్న ఊళ్లు ఎన్ని చూడలేదు. పైగా గద్వాల నడిగడ్డ అంటేనే పత్తి విత్తనం పండించే గడ్డ, విత్తనం విలువ మనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది. అదే మనిషి పూల విత్తనాల దగ్గరికి వచ్చేసరికి రంగుల బొమ్మ చూసి కొనేస్తాడు. ఈ ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన నెల ఉంది, ధర ఉంది, కంపెనీ అడ్రస్ ఉంది. అంటే ప్యాకేజ్డ్ సరుకులకు 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు అడిగేవి ఎట్లనో పెట్టారు. కానీ విత్తనం ఏ ఏడాది కోసింది, మొలక శాతం ఎంత అన్నది ఎక్కడా లేదు. ప్యాక్ చేసిన నెల కొత్తదే, లోపలి గింజ ఎప్పటిదో దేవుడికి తెలియాలి. నెట్ క్వాంటిటీ దగ్గర "సుమారు 150 గింజలు" అని ఉంది. షర్లీ గింజ మన గసగసం కంటే కూడా సన్నం, గ్రాముకు వేలల్లో తూగుతుంది. దాన్ని లెక్కపెట్టి ప్యాక్ చేశారంటే నేను నమ్మను, చిటికెడు వేసి అంకె రాసి ఉంటారు.

ఫోటో గురించి కూడా చెప్పాలి. కవర్ మీద ఎర్రవి, గులాబీవి, వాటి మధ్యలో నెమలి మెడ రంగులో ఒక నీలి పువ్వు. ఆ నీలం ఈ మూడింటిలో దేనికీ రాదు. నిజమైన నీలి పాపీ ఉంది, మెకనాప్సిస్ అని, హిమాలయాల్లో చలికి, తేమకు అలవాటు పడ్డ మొక్క. మే నెలలో నల్గొండ గడియారం సెంటర్‌లో ఒకసారి నిలబడి చూడండి, అది ఇక్కడ ఎందుకు బతకదో వేరే చెప్పక్కర్లేదు. నీలి రంగు ఆశతో ఈ ప్యాకెట్ కొనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇప్పుడు సూచనలు. మొదటిది, "ఏడాది పొడవునా విత్తవచ్చు". ఎక్కడ? లండన్‌లోనా? అక్కడ కూడా కాదు. పాపీ చలికాలపు మొక్క. రాత్రులు చల్లబడితేనే మొలుస్తుంది, ఎండ ముదిరితే కాయ కట్టేసి ఎండిపోతుంది. మన దగ్గర దీపావళి దాటి కార్తీకం నడుస్తుండగా చల్లాలి, అంటే అక్టోబర్ చివర నుంచి నవంబర్ సగం దాకా. అప్పుడు చల్లితే సంక్రాంతి ముగ్గుల వేళకు మొగ్గలు కనిపిస్తాయి, జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి అంతా పూలు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, షర్లీ కూడా ఇంచుమించు దాని వెంటే పోతుంది. డిసెంబర్‌లో ప్యాకెట్ కొని జనవరిలో విత్తేవాళ్లకు రెండు మూడు పూలు దక్కితే గొప్ప.

రెండోది, "అర అంగుళం లోతులో నాటాలి". పాపీ గింజ మొలవాలంటే వెలుతురు తగలాలి. అర అంగుళం మట్టి కిందకు పోతే ఆ నలుసంత గింజకు పైకి తోసుకొచ్చే శక్తే ఉండదు. మట్టి చదును చేసి, ముందుగానే తడిపి, పైన చల్లి అరచేత్తో మెల్లగా అదమాలి, అంతే, కప్పకూడదు. గింజ మరీ సన్నం కాబట్టి చేత్తో చల్లితే ఒకేచోట కుప్పగా పడుతుంది, మన వైపు నువ్వులు చల్లేటప్పుడు పొడి ఇసుక కలుపుతారు చూడండి, ఇక్కడా అదే పద్ధతి. ఇసుక తెల్లగా ఉంటే ఇంకా మంచిది, నల్లమట్టి మీద ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో తెలిసిపోతుంది.

మూడోది అన్నిటికంటే పెద్ద తప్పు: "ట్రేలో నారు పోసి నాలుగు ఆకులు వచ్చాక మార్చాలి". పాపీకి తల్లివేరు ఉంటుంది, ముల్లంగి వేరులాగా సూటిగా కిందకు దిగుతుంది. ఆ వేరు కదిలితే మొక్క మళ్లీ తేరుకోదు. మిరప నారు, టమాటా నారు అలవాటున్న చెయ్యి దీన్ని కూడా పీకి నాటుతుంది, మర్నాడు మధ్యాహ్నానికి తలవాల్చేస్తుంది. పూసే చోటే విత్తాలి. కుండీ అయితే కనీసం అడుగు లోతుండాలి. ఈ వాక్యం ఒక్కటి సరిగ్గా రాసి ఉంటే ఆ పేజీలో కింద ఉన్న "చెట్లు చచ్చిపోయాయి, ఫేక్ సీడ్స్" అన్న కామెంట్లు సగం ఉండేవి కావు.

నేను సూచనలు పక్కన పడేసి చేసిన పద్ధతి చెప్తా. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వాడలేదు. ఎర్ర చల్కా మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు. ఎరువు ఎక్కువైతే ఆకు మస్తు వస్తుంది, పువ్వు రాదు, కాడ మెత్తబడి పడిపోతుంది. నేల మీద పెంచే వాళ్లకు చల్కా, దుబ్బ నేలలు ఉంటే వరమే. నల్లరేగడి అయితే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, అక్కడ ఎత్తుగా మడి కట్టి ఇసుక కలుపుకోవాలి. నీళ్లు పైనుంచి మగ్గుతో పోస్తే గింజలన్నీ కుండీ అంచుకు కొట్టుకుపోతాయి. ఒక వెడల్పాటి తట్టలో నీళ్లు పోసి అందులో కుండీ పెడితే కింది నుంచే పీల్చుకుంటుంది, పైన తడి కనిపించగానే తీసేయాలి. లేదంటే ఇస్త్రీ బట్టలకు కొట్టే స్ప్రే బాటిల్. బోరు నీళ్లు పోస్తే మా దగ్గర మట్టి మీద తెల్లగా పొర కడుతుంది, నల్గొండ నీళ్ల సంగతి తెలిసిందే కదా. మొలకల దశలో మాత్రం పానగల్ ఉదయసముద్రం వైపు నుంచి వచ్చే కృష్ణా నీళ్ల నల్లా మీదే ఆధారపడ్డాను, మొక్క గట్టిపడ్డాక బోరు నీళ్లే పోశాను, తేడా ఏమీ కనిపించలేదు.

చీమలు! ఇది ఏ ప్యాకెట్ మీదా రాయరు. చల్లిన గింజలను వరుసకట్టి మోసుకుపోతాయి. కుండీలను నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెట్టాను, అక్కడికి ఆ పోరు తీరింది. కోతుల పోరుకు మాత్రం నా దగ్గర మందు లేదు. అవి పాపీని తినవు, కానీ కుండీ దొర్లించి పోతాయి. గ్రీన్ నెట్ కట్టుకోగలిగితే కట్టుకోండి.

షర్లీ రెండు వారాలు అటూ ఇటూ చూసి మొలిచింది, మొలక అంటే పచ్చ దారప్పోగు అంతే, గడ్డి అనుకుని పీకేసేలా ఉంటుంది. ఒత్తుగా మొలిస్తే మనసు రాకపోయినా పీకాలి, జానకు ఒకటి ఉంచినా ఎక్కువే. పీకడం కన్నా చిన్న కత్తెరతో మొదలు దగ్గర కత్తిరిస్తే పక్క మొక్క వేరు కదలదు. డిసెంబర్ అంతా నేలకు అంటుకుని ముళ్లు ముళ్లు ఆకులతో ముల్లంగి మొక్కలా పడి ఉంటుంది, ఏమీ జరగడం లేదనిపిస్తుంది. జనవరిలో ఒక్కసారిగా కాడ లేస్తుంది. మొగ్గ నిండా నూగు, మెడ వంచి కిందికి చూస్తుంటుంది. పూసే ముందు ఆ మెడ నిటారుగా లేస్తుంది, పొద్దున్నే మిద్దె ఎక్కితే మొగ్గ పక్కన పగులు, అందులోంచి ఎర్రగా ఓ చీలిక. టీ తాగి మళ్లీ వచ్చేసరికి పైన ఉన్న రెండు పచ్చ డొప్పలు ఊడి కుండీలో పడి ఉంటాయి. లోపలి రేకులు నిండా ముడతలు, ఎండ పెరిగే కొద్దీ ఒక్కో ముడతా సాగి అరచేతి వెడల్పు అవుతుంది. తేనెటీగలు వస్తాయి, మకరందం కోసం కాదు, ఈ పువ్వులో అది ఉండదు, పుప్పొడి కోసం. మధ్యలో పడి దొర్లి, కాళ్లకు నల్లటి పొడి పూసుకుని పోతాయి.

ఈ షర్లీ రకం పుట్టింది కూడా ఒక తోటమాలి పట్టుదల వల్లే. 1880లో ఇంగ్లండ్‌లోని షర్లీ అనే ఊళ్లో విలియం విల్క్స్ అనే చర్చి ఫాదర్ తన తోట పక్కన అడవి ఎర్ర పాపీల్లో ఒకే ఒక్క పువ్వు అంచు తెల్లగా ఉండటం చూశాడట, దాని గింజ దాచి, ఏటా మంచివి ఏరి, మిగతావి పీకి, మధ్యలో నల్ల మచ్చ లేని లేత రంగులు వచ్చేదాకా వదల్లేదు. ఆ లెక్కన నా కుండీల్లో వచ్చినవి అన్నీ అసలు షర్లీ కాదు. సగం పైగా ముదురు ఎరుపు, మధ్యన నల్ల మచ్చ, అంటే ఉత్త పొలం పాపీ. గులాబీ, తెలుపు అంచువి కొన్నే వచ్చాయి. కవర్ మీద "షర్లీ డబుల్ మిక్స్" అని ఉంది, డబుల్ రేకుల ముద్ద పువ్వు ఒక్కటి కూడా రాలేదు. ఎర్రవి కూడా అందంగానే ఉన్నాయి, నేను బాధపడటం లేదు, కానీ రాసింది ఒకటి, ఇచ్చింది ఒకటి.

ఒక్కో పువ్వు ఆయుష్షు ఒకటి రెండు రోజులే, గట్టిగా గాలి వస్తే మధ్యాహ్నానికే రేకులు రాలతాయి. దేవుడికి పెట్టడానికో, జడలో పెట్టుకోవడానికో అనుకుంటే ఇది కొనకండి, ఆ డబ్బుతో చామంతి అంట్లు కొనుక్కోండి. ఇది చూసుకోవడానికి మాత్రమే.

కాలిఫోర్నియా పాపీ వేరే లోకం. నిర్లక్ష్యం చేసిన కుండీలోనే బాగా వచ్చింది. ఆకు సోంపు ఆకులా సన్నగా, బూడిద పూసిన పచ్చ రంగులో ఉంటుంది, పువ్వు లేకపోయినా చూడబుద్ధవుతుంది. మొగ్గ మీద కోణం టోపీలా ఒక తొడుగు ఉంటుంది, పువ్వు విచ్చుకునేటప్పుడు అది మొత్తంగా పైకి జారి ఊడిపోతుంది, పిల్లలకు అది తీసే పని అప్పగిస్తే సెలవు రోజు గడిచిపోతుంది. నారింజ రంగు, మోదుగుపూలకు దగ్గరగా. సాయంత్రం ముడుచుకుంటుంది, మబ్బు పడితే తెరుచుకోదు, కాబట్టి ఆఫీసు నుంచి చీకటి పడ్డాక వచ్చేవాళ్లకు ఆదివారమే దర్శనం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి 1903 నుంచి ఇదే అధికారిక పుష్పం, అక్కడి పొడి కొండల మీద మొలిచేది, అందుకే మన రాళ్ల నేల, తక్కువ నీళ్లు దీనికి కొత్తేమీ కాదు. షర్లీ పోయాక కూడా మార్చిలో ఇంకా పూస్తూనే ఉంది. మహబూబ్‌నగర్‌లో ఇంటి ముందు ఎర్రదుబ్బ జాగా ఉన్న మా చిన్నమ్మకు కొన్ని గింజలు ఇస్తే, ఆమె గేటు పక్కన చల్లి మరిచిపోయింది, నా కుండీల కంటే అక్కడే దిట్టంగా వచ్చింది.

ఐస్‌లాండ్ పాపీ గురించి రెండు ముక్కలు చాలు. కొద్దిగా మొలిచింది, వేలెడు పెరిగింది, పగటి ఎండకు వేరు దగ్గర మెత్తబడి పోయింది. పేరులోనే ఐస్ ఉంది, ఊటీలోనో సిమ్లాలోనో ఉన్నవాళ్లకు అమ్ముకోవాలి కానీ, పిన్‌కోడ్ చూడకుండా అందరికీ పంపితే ఎట్లా.

కస్టమర్ కేర్ సర్వీస్ చెప్పుకోదగ్గది కాదు. మొలక శాతం, లాట్ నంబర్ అడుగుతూ మెసేజ్ పెడితే, "మేడమ్, నీళ్లు ఎక్కువ పోయకండి" అని జవాబు. నేను అడిగింది అది కాదని మళ్లీ రాస్తే తోటపని చిట్కాల వీడియో లింక్ పంపారు. డబుల్ రేకులు రాలేదని ఫోటోలు పంపాక తర్వాతి ఆర్డర్ మీద 10 శాతం కూపన్ ఇచ్చారు. 199 రూపాయల సరుకు కోసం 1915 నంబర్ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసే ఓపిక నాకు లేదు, ఎక్కువ మొత్తంలో కొన్నవాళ్లు మాత్రం చేయండి, ఆ నంబర్ ఉన్నది అందుకే. ప్యాకింగ్ వరకు బాగుంది, జిప్ కవర్, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం, చిరుగు లేదు.

ఐదుకు మూడు ఇస్తున్నా, అందులో రెండు కాలిఫోర్నియావే. కాంబో కాకుండా కాలిఫోర్నియా పొట్లం ఒక్కటే విడిగా దొరికితే అది కొనండి, షర్లీ కావాలంటే "డబుల్" అన్న మాటకు ఎక్కువ డబ్బు పెట్టకండి. పొట్లం రాగానే ఓ ఇరవై గింజలు తడి కాగితం మీద వేసి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వెలుతురు తగిలే చోట పెట్టి చూడండి, చల్లబడ్డ రోజుల్లోనే చేయాలి, సగమన్నా మొలిస్తే విత్తుకోవచ్చు. మొలవకపోతే అప్పుడే ఫోటో తీసి పంపండి, రిటర్న్ గడువు లోపల ఉంటారు.

పక్కింటి అక్క మళ్లీ వచ్చింది, ఈసారి పోలీసుల సంగతి కాదు, "చెల్లె, ఆ కాయలు కొట్టి కూరలో వేసుకోవచ్చా" అని. వద్దు. వేరే జాతి గింజ, పైగా విత్తనం కోసం అమ్మేవాటికి మందు పట్టించి ఉండొచ్చు. షర్లీ కాయ ఎండి, పై మూత కింద చిన్న చిన్న కిటికీల్లాంటి రంధ్రాలు తెరుచుకున్నాక కాగితం కవర్‌లోకి వంచి ఊపితే గింజలు రాలతాయి. కాలిఫోర్నియా కాయ పెసరకాయలా సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎండితే ఎండలో టప్పుమని చిట్లి గింజల్ని అంత దూరం విసురుతుంది, కాబట్టి గోధుమ రంగుకు తిరగగానే పొద్దుటి పూట కోసి కవర్‌లో మూతి కట్టి పెట్టుకోండి. అక్కకు ఆ కవరే ఇచ్చాను, కార్తీకంలో చల్లుకోమని.